స్టోర్ రూంకి తాళం వేసిన జీనత్

1985 ఫిబ్రవరిలో నరసరావుపేట పి.జి. సెంటర్‌కి యూనివర్సిటీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. భోపాల్లో గ్యాస్ లీకై వేలమంది పోయి అప్పటికి రెండు నెలలు దాటింది. పరిశోధన జరిగే ప్రతి కేంద్రంలోనూ ఒక సేఫ్టీ కోఆర్డినేటర్‌ని నియమించాలనీ, ఆ పేరు పదిహేను రోజుల్లో తమకు తెలపాలనీ అందులో ఉంది. కెమిస్ట్రీ హెడ్డు డాక్టర్ వెంకట్రామయ్య గారు ఆ ఉత్తరాన్ని స్టాఫ్ మీటింగులో పైకి చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, అందరి వంకా చూశారు. ఎవరూ తలెత్తలేదు. ఆయన చూపు చివరికి తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న జీనత్ మీద ఆగింది.

జీనత్ అక్కడ ప్రాక్టికల్స్ చేయించే డిమాన్‌స్ట్రేటరు. వయసు ఇరవై ఆరు. స్టాఫులో అందరికంటే చిన్నది. ఉద్యోగం కూడా ఏడాదికోసారి పొడిగిస్తూ వస్తున్న టెంపరరీ ఉద్యోగం. కాదనే వీలు లేని మనిషి ఆ గదిలో ఆమె ఒక్కతే.

"ఏమ్మా జీనత్, నీ పేరు రాస్తున్నా. ఏడాదికోసారి ఒక ఫారం నింపి పంపితే సరిపోద్ది," అన్నారాయన.

ఆయన ఆ మాట తేలిగ్గానే అన్నారు. ఆర్డరు టైపై చేతికొచ్చాక జీనత్ దాన్ని ఇంటికి తీసుకెళ్ళి మూడుసార్లు చదివింది. యూనివర్సిటీ పంపిన నమూనాని మక్కీకి మక్కీగా దించి, కింద వెంకట్రామయ్య గారు సంతకం పెట్టారు. అందులో మూడో పేరా ఆయన చదివారో లేదో ఆమెకు అనుమానమే. ప్రమాదకరమని తోచిన ఏ పనినైనా ఆపించే అధికారం కోఆర్డినేటరుకు ఉంటుందని అక్కడ స్పష్టంగా ఉంది.

ఆమె ఆ పనిని కాగితం పనిగా తీసుకోకపోవడానికి ఆమె పుట్టి పెరిగిన చోటు కూడా ఒక కారణం. వాళ్ళ నాన్న నూర్ మొహమ్మద్‌కి బస్టాండు వెనక గ్యాస్ వెల్డింగ్ షాపుంది. ఇనుప డ్రమ్ములో కార్బైడు రాళ్ళ మీద నీళ్ళు పడుతుంటే గ్యాసు పుడుతుంది. ఆ గ్యాసుతోనే ట్రాక్టరు ట్రాలీలూ, బోరు పైపులూ అతికించేవాడు. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. కానీ ఆ డ్రమ్ము దగ్గరికి వస్తే వేరే మనిషి. ఒకసారి మాచర్ల నుంచి వచ్చిన లారీ ఓనరు సిగరెట్టు కాలుస్తూ షాపులోకి అడుగు పెట్టాడు. నూర్ మొహమ్మద్ నేరుగా వెళ్ళి, ఆయన వేళ్ళ మధ్య నుంచి సిగరెట్టు తీసుకుని, నీళ్ళ బక్కెట్లో ముంచి, మళ్ళీ పనిలో కూర్చున్నాడు. ఆ ఓనరు మొహం కందగడ్డలా అయింది. అయినా మరుసటి నెల మళ్ళీ ఆ షాపుకే వచ్చాడు. అప్పటికి జీనత్ ఏడో తరగతి. బడి నుంచి వచ్చి షాపు అరుగు మీద లెక్కలు చేసుకుంటూ అదంతా చూసింది.

మార్చి నెలంతా ఆమె స్టోర్ రూంలోనే గడిపింది. అటెండరు వెంకటప్పయ్య ఆమెకు తోడు. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న మనిషి. ఏ సీసా ఏ మూల ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు గానీ, ఏ సీసాలో ఏముందో అడిగితే చెప్పలేడు. ఇద్దరూ కలిసి ఒక్కొక్క సీసా దించి, తుడిచి, చీటీ అతికించి, పుస్తకంలో ఎక్కించారు. నాలుగువందల పన్నెండు సీసాలు తేలాయి. అరవై సీసాల లేబుళ్ళు చెదలు తినేశాయి. సోడియం ముక్కలకు గాలి తగలకుండా డబ్బాలో పోసిన కిరసనాయిలు అడుగంటిపోయింది. గాఢమైన ఆసిడ్లేమో తలకంటే ఎత్తున పై అరలో కూర్చున్నాయి. మంటలార్పే సిలిండరు చివరిసారి 1973లో నింపారు. నిప్పు ఆర్పడానికి పెట్టిన ఇసక బక్కెట్లలో బీడీ ముక్కలున్నాయి. ఆ ముక్కలు ఎవరివని ఆమె అడగలేదు. మర్నాటికి మాత్రం వెంకటప్పయ్య బక్కెట్లలో కొత్త ఇసక నింపాడు.

రెండో సంగతి బట్టలు. ఆ రోజుల్లో ఎం.ఎస్సీ. కుర్రాళ్ళంతా టెర్లిన్ చొక్కాల మీద మోజు పడేవాళ్ళు. ల్యాబులో కోటు వేసుకోమంటే ఉక్కపోతని సాకు చెప్పేవాళ్ళు. జీనత్ వాళ్ళతో వాదించలేదు. ఒకరోజు ప్రాక్టికల్ క్లాసు మొదట్లో ఒక నూలు గుడ్డ ముక్కనూ, ఒక టెర్లిన్ ముక్కనూ పట్టకారుతో పట్టుకుని వరసగా బర్నరు మంట మీద పెట్టింది. నూలు గుడ్డ కాలి బూడిదయింది. టెర్లిన్ కరిగి, మండుతూ, చుక్కలు చుక్కలుగా కింద పళ్ళెంలో పడింది. ఆ చుక్క ఒంటి మీద పడితే తుడిస్తే పోదు, చర్మంతో పాటే వస్తుంది అని చెప్పి, పళ్ళెం అందరికీ చూపించి, పాఠంలోకి వెళ్ళిపోయింది. వారం తిరిగేలోపు దర్జీ దగ్గర పద్దెనిమిది నూలు కోట్లు కుట్టడానికి పడ్డాయి.

ఏప్రిల్ నెలాఖరులో స్టోరులో మిగిలింది కింది అర ఒక్కటే. వెంకటప్పయ్య మోకాళ్ళ మీద కూర్చుని వెనకెక్కడో రేకు పళ్ళెంలో ఉన్న గోధుమరంగు సీసా కోసం చెయ్యి చాచాడు. జీనత్ టార్చిలైటు వేసి చూసింది.

"బాబాయ్, చెయ్యి వెనక్కి తీయి. మెల్లిగా," అంది.

ఆ గొంతులో ఏం వినిపించిందో గానీ ఆయన వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సీసా మీద ఐసోప్రొపైల్ ఈథర్ అనీ, 1972 అనీ ఉంది. ఎప్పుడో తెరిచి సగం వాడి పెట్టేసిన సీసా. అడుగున రెండు వేళ్ళ మందాన ద్రవం మిగిలింది. ఆ ద్రవంలోనూ, మూత చుట్టూ మరల్లోనూ తెల్లటి సూదుల్లాంటి స్ఫటికాలు పేరుకుని ఉన్నాయి. ఈథర్‌కి గాలి తగిలి ఏళ్ళు గడిస్తే అందులో పెరాక్సైడులు పుడతాయి. అవి ఇలా గట్టిపడ్డాక మూత తిప్పిన రాపిడే చాలు, సీసా బాంబులా పేలుతుంది. ఇది జీనత్ పుస్తకంలో చదివింది. కళ్ళతో చూడడం మాత్రం అదే మొదలు. వెంకటప్పయ్యను ముందు బయటికి పంపి, తాను వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి తాళం పెట్టింది.

సరిగ్గా ఆ సీసా కోసమే పుల్లారావు ఎదురుచూస్తున్నాడని ఆమెకు వారం తర్వాత తెలిసింది. పుల్లారావు వెంకట్రామయ్య గారి దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి. ఎడ్లపాడు వైపు పల్లెటూరి రైతు బిడ్డ, కష్టపడే మనిషి. ఆగస్టులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషను పోతుంది. చివరి ప్రయోగానికి ఐసోప్రొపైల్ ఈథర్ కావాలి. కొత్త సీసా మద్రాసు నుంచి రావాలంటే నెల పైన పడుతుంది. స్టోరులో ఒకటి ఉందని పాత రిజిస్టరులో చూసి, తాళం అడగడానికి వచ్చాడు. జీనత్ విషయం చెప్పింది. ఆయన నేరుగా హెడ్డు గదికి వెళ్ళాడు.

మే ఆరో తారీఖు పొద్దున పదకొండింటికి వెంకట్రామయ్య గారే వచ్చారు. వెనక పుల్లారావు. వరండాలో మరో ఇద్దరు లెక్చరర్లు, ఏం జరుగుతుందో చూద్దామని. స్టోరు కిటికీ లోంచి టార్చి వేసి చూసి, అది ఎండిపోయిన మడ్డి అనీ, తాను ఇరవై ఏళ్ళుగా ఇలాంటి సీసాలు ఎన్నో చూశాననీ, పైన కాస్త తీసేసి మిగతాది డిస్టిల్ చేసి వాడుకోవచ్చుననీ ఆయన అన్నారు. జీనత్‌కి ఎం.ఎస్సీ.లో పాఠం చెప్పిన గురువు ఆయన. ఆయన ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడిన రోజు కూడా ఆమెకు లేదు.

"తాళం ఇవ్వమ్మా," అన్నారు.

"ఇవ్వలేను సార్."

"నేను చెప్తున్నా గదా. బాధ్యత నాది."

"బాధ్యత నాదని మీరే రాసిచ్చారు సార్. మూడో పేరా," అంది జీనత్. "ఆ మూత తిప్పే చెయ్యి పుల్లారావు గారిది. నేను తాళమిస్తే ఆ చెయ్యి ఉండదు. మీరు నన్ను తీసేసి ఇంకొకరిని వెయ్యండి, ఆయనకిస్తాను. నేనున్నంతవరకు ఇవ్వను."

వెంకట్రామయ్య గారు ముక్కోపి అని అందరికీ తెలుసు. కానీ ఆ రోజు వెనక్కి తిరిగి తన గదికి వెళ్ళిపోయారు.

పుల్లారావు మాత్రం అక్కడే నిలబడ్డాడు. "నా మూడేళ్ళ పని మేడం. మీకేంది, తాళమేసుకుని కూర్చున్నారు," అన్నాడు. కోపం కంటే ఆ మాటలో దిగులే ఎక్కువ.

జీనత్‌ని ఆ మాటే ఎక్కువ తొలిచింది. ఆపడం వరకే తన పని అయితే ఈ మనిషి నిజంగానే మునిగిపోతాడు. ఆ మధ్యాహ్నమే ఆమె గుంటూరు బస్సెక్కింది. అక్కడ తనతో ఎం.ఎస్సీ. చదివిన శ్యామల ఒక కాలేజీలో పనిచేస్తోంది. ఇద్దరూ ఎండలో రెండు కాలేజీలు తిరిగి, మూడో చోట సీలు తియ్యని అర లీటరు సీసా సంపాదించారు. నరసరావుపేటకు కొత్త సీసా వచ్చాక తిరిగిచ్చేలా జీనత్ సంతకం పెట్టింది. ఆ సీసాను ఇసక నింపిన రేకు డబ్బాలో దిగేసి, సాయంత్రం బస్సులో డ్రైవరు వెనక సీట్లో, ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. పక్కనున్న పెద్దాయన చుట్ట వెలిగించబోతే వద్దని వారించింది. ఏముందమ్మా అందులో అని ఆయన అడిగితే, ఒక అబ్బాయి చదువు ఉందని చెప్పింది. ఆయన చుట్ట జేబులో పెట్టేసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆమె ఆ సీసాను పుల్లారావు బల్ల మీద పెట్టింది. వాడే ముందు పెరాక్సైడు ఉందో లేదో పరీక్ష చేసుకోమని చెప్పి, ఎలా చెయ్యాలో ఆమె చేసి చూపించింది. దాంతో పాటే ల్యాబులో తెరిచి ఉన్న మామూలు ఈథర్ సీసాలు కూడా పరీక్షించారు. మూడు సీసాల్లోంచి తీసిన ఈథర్ గోధుమరంగుకు తిరిగింది, అంటే వాటిలోనూ పెరాక్సైడు ఉంది. ఆ పరీక్ష గొట్టాలు మూడూ ఒక స్టాండులో పెట్టి, పుల్లారావే తీసుకెళ్ళి హెడ్డు గారి బల్ల మీద పెట్టాడు. అరగంట తర్వాత వెంకట్రామయ్య గారు జీనత్‌ని పిలిపించారు. ఆ స్ఫటికాల సీసాను ఏం చేద్దామని అడిగారు. ఆమె అప్పటికే ఆలోచించి పెట్టుకుంది.

నాన్న షాపుకి క్వారీల వాళ్ళు కంప్రెసర్లు బాగుచేయించుకోవడానికి వస్తుంటారు. పిడుగురాళ్ళ దగ్గర సున్నపురాతి క్వారీలో తూటాలు పేల్చే బాలకోటయ్యకు లైసెన్సుంది, ముప్ఫై ఏళ్ళ అనుభవముంది. నూర్ మొహమ్మద్ కబురు పెడితే ఆయన వచ్చాడు. సీసాను కిటికీ లోంచే చూశాడు. రాళ్ళలో పెట్టే మందు సంగతి తనకు తెలుసు గానీ ఇది తనకు తెలియదనీ, దాని గుణం ఆమే చెప్పాలనీ దాపరికం లేకుండా అన్నాడు. కుదుపు పడదు, రాపిడి పడదు, వేడి పడదు అని జీనత్ చెప్పింది. అయితే రోడ్డు మీద తీసుకుపోవడం కుదరదు, సెంటరు వెనక చేలోనే పేల్చాలి అని ఆయన తేల్చాడు.

పోలీసుల నుంచీ, తాలూకా ఆఫీసు నుంచీ అనుమతి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. పల్నాటి మే నెల ఎండలు. స్టోరు పైకప్పు సిమెంటు రేకులు. ఆ తొమ్మిది రోజులూ వెంకటప్పయ్య స్టోరు చుట్టూ తాడు కట్టి, ఎవరినీ ఆ గోడ దగ్గరికి రానివ్వకుండా కాపలా కాశాడు. జీనత్ పక్క గది డాబా మీదకెక్కి, గొట్టంతో రేకుల మీదకు నీళ్ళు పట్టేది. అలాంటి ఒక మధ్యాహ్నం ఆమె డాబా మీద ఒక్కతే నిలబడి, నిజంగానే అది మడ్డి అయితే తనని చూసి ఊరంతా నవ్వుతుందేమో అనుకుంది. నవ్వితే నవ్వనీ అనుకుని, మళ్ళీ గొట్టం పట్టుకుంది.

మే పదిహేడు, పొద్దున ఆరున్నర. సెలవులు గనక హాస్టలు ఖాళీ. పత్తికట్టె పీకేసిన చేనులో బాలకోటయ్య నడుం లోతు గొయ్యి తవ్వించాడు. స్టోరు తలుపు నుంచి గొయ్యి దాకా ఉన్న దారిని జీనత్ ముందురోజే నడిచి చూసి, రాళ్ళేరించి, గడప దగ్గర ఇసక పోయించి మెట్టు లేకుండా చదును చేయించింది. సీసా నిలబడి ఉన్న రేకు పళ్ళేన్నే ఎత్తి తీసుకెళ్ళాలని ఏర్పాటు. తాను మోస్తానని ఆమె అంది. బాలకోటయ్య ఒప్పుకోలేదు. తన చేతులకు ముప్ఫై ఏళ్ళ అలవాటుందనీ, ఆమె కళ్ళు తనకు కావాలనీ అన్నాడు.

ఆయన పళ్ళెం పట్టుకుని నడుస్తుంటే, జీనత్ నాలుగడుగులు ముందు వెనక్కి నడుస్తూ దారి చెప్పింది. ఎడమకు, ఇప్పుడు నేరుగా, ఇక్కడ కాస్త పల్లం. తొంభై అడుగుల దారి. దూరంగా గట్టు అవతల వెంకట్రామయ్య గారు, పుల్లారావు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, నూర్ మొహమ్మద్. బాలకోటయ్య గోతిలో సీసా దించి, పక్కన సగం తూటా పెట్టి, ఇసక బస్తాలు పేర్చి, తీగ లాక్కుంటూ వచ్చాడు. అందరూ గట్టు వెనక కూర్చున్నాక మీట నొక్కాడు.

క్వారీ చప్పుళ్ళు అలవాటైన వాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారు. ఇసక బస్తాలు గాల్లోకి లేచాయి. సెంటరు వెనక కిటికీల్లో మూడు అద్దాలు పగిలి రాలాయి. మట్టి సద్దుమణిగాక బాలకోటయ్య వెళ్ళి చూసి వచ్చాడు. నడుం లోతు గొయ్యి మనిషి లోతయింది.

"నేను పెట్టింది సగం ముక్కమ్మా. ఇంత గొయ్యి అది తియ్యదు," అన్నాడు.

పుల్లారావు గట్టు మీద కూర్చుండిపోయాడు. తన అరచేతుల వంక చూసుకుంటున్నాడు. నూర్ మొహమ్మద్ కూతురి దగ్గరికి వచ్చి, ఆమె తల మీద పడ్డ మట్టి దులిపి, షాపు తియ్యాలి అంటూ సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

జూన్‌లో సెంటరు తెరిచాక జీనత్ ల్యాబులో ఒక నోటుబుక్కు వేలాడదీసింది. ఎవరికి ఏ చిన్న పొరపాటు జరిగినా, జరగబోయి తప్పినా అందులో రాయాలి. రాసినవాళ్ళను ఎవరూ ఏమీ అనకూడదు. వారం దాకా అందులో ఒక్క అక్షరం పడలేదు. ఎనిమిదో రోజు పొద్దున చూస్తే మొదటి పేజీలో వెంకట్రామయ్య గారి గుండ్రటి దస్తూరీ ఉంది. మే ఆరున ఒక ప్రమాదకరమైన సీసాను తెరవమని తాను ఆదేశించాననీ, అది తన తప్పనీ, డిమాన్‌స్ట్రేటరు అడ్డుకోవడం వల్ల ఒక విద్యార్థి బతికాడనీ రాసి, సంతకం, తేదీ వేశారు. హెడ్డే రాశాక మిగతావాళ్ళకు మొహమాటం పోయింది. సెప్టెంబరుకల్లా నోటుబుక్కు సగం నిండింది. ఎక్కడ గొట్టం కారుతోందో, ఏ బర్నరు మొరాయిస్తోందో ప్రమాదం జరగకముందే ఆమెకు తెలిసిపోయేది.

పుల్లారావు ఆగస్టులో థీసిస్ ఇచ్చాడు. మాచర్లలో లెక్చరరుగా చేరిన మొదటి నెలలోనే ఆమెకు ఉత్తరం రాసి, స్టోరు పుస్తకం ఎలా రాయాలో నమూనా పంపమన్నాడు.

ఆ మరుసటి ఏడు బాటనీ, ఫిజిక్సు ల్యాబులు కూడా ఆమె కిందకి వచ్చాయి. ల్యాబు గుమ్మం పక్కన నూర్ మొహమ్మద్ చేత ఒక స్నానపు గొట్టం చేయించింది. మేడ మీద నీళ్ళ డ్రమ్ము, కింద గొలుసు. లాగితే నీళ్ళు కుమ్మరించినట్టు పడతాయి. ఆ గొలుసు లాగి చూసుకోవడం ప్రతి సోమవారం ఆమె మొదటి పని. 1987 నవంబరులో గురజాల నుంచి వచ్చిన మల్లీశ్వరి అనే విద్యార్థిని చేతిలో నైట్రిక్ ఆసిడ్ సీసా జారి భుజం మీద ఒలికింది. పక్క పిల్లలు అరుస్తూ నిలబడిపోలేదు. ఇద్దరు ఆమెను గొలుసు కిందకి లాక్కెళ్ళారు. జీనత్ మల్లీశ్వరి కోటు కత్తిరించి తీసేసి, పావుగంట సేపు ఆ పిల్లని నీళ్ళ కిందే నిలబెట్టి, తానూ తడుస్తూ పక్కనే నిలబడింది. భుజం మీద రూపాయి బిళ్ళంత మచ్చ మిగిలింది, అంతే. మూడో రోజు మల్లీశ్వరి తల్లి రాఘవమ్మ వచ్చి, కూతుర్ని ఇక చదువు మాన్పించేస్తానంది. జీనత్ ఆమెను ల్యాబంతా తిప్పి చూపించి, చివరికి గొలుసు ఆమె చేతికే ఇచ్చి లాగమంది. నీళ్ళు భళ్ళున పడ్డాయి. రాఘవమ్మ చీర కుచ్చిళ్ళు సగం తడిశాయి. "చానా బలంగా పడతన్నాయే," అని ఆమె నవ్వింది. మల్లీశ్వరి చదువు ఆగలేదు.

1989లో జీనత్‌కి లెక్చరరు పోస్టు వచ్చింది. ఇక ఆ సేఫ్టీ పని కొత్తగా చేరిన వాళ్ళెవరికైనా అప్పగించవచ్చునని వెంకట్రామయ్య గారు అన్నారు. తన దగ్గరే ఉంచమని ఆమె అడిగింది. కొత్త బ్యాచి వచ్చిన రోజు పాఠం మొదలుపెట్టే ముందు ఆమె ముప్ఫైమందినీ లేపి ల్యాబంతా నడిపించింది. వెనక బెంచీ కుర్రాడొకడు, ఇదంతా సిలబస్సులో ఉందా మేడం అని అడిగాడు. లేదని చెప్పి, అతనికే మొదటి కోటు తొడిగించింది.